మా సార్ నవ్వుకు తెలుగు మాట లేదు

మా ట్యూషన్ సార్ పోయారు. ఆ కబురు నాకు బొల్లారం గేటు దగ్గర, రైలు వెళ్ళేదాకా బండి ఆపుకుని నిలబడి ఉండగా ఫోన్లో వచ్చింది. పంపింది శైలజ. చిన్నప్పుడు నాతోపాటు సార్ దగ్గర ఇంగ్లీషు చదువుకున్నది. "సార్ ఇగ లేరే" అని ఒక మెసేజ్. దాన్ని నేనింకా చూస్తూ ఉండగానే ఇంకొకటి. "జల్ది రా. ముఖం చూస్తే నవ్వుతున్నట్టే ఉంది. నాకు జెర భయమైతుంది."

రైలు పోయింది, గేటు లేచింది, వెనక ఆటోవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. నేను ఆ రెండో మెసేజ్ దగ్గరే ఆగిపోయాను. మనిషి పోతే ఏడుపు రావాలి కదా. నాకు ముందు ఒళ్ళు జలదరించింది. శైలజ ఏ నవ్వు గురించి చెబుతోందో నాకు తెలుసు. ఆ నవ్వుకు ఇంగ్లీషులో ఒక పేరుంది. ఆ పేరు మాకు నేర్పింది సారే.

అల్వాల్‌లో సార్ ఇల్లు ఒక ఇరుకు సందులో చివరిది. ముందు వరండా. సాయంత్రాలు మా ట్యూషన్ అక్కడే నడిచేది. ఇప్పుడు మేం చాపలు పరుచుకుని కూర్చున్న చోటే ఫ్రీజర్ పెట్టె పెట్టారు. అద్దం మీద చెమ్మ పట్టి లోపల ఏమీ కనబడలేదు. సార్ తమ్ముడు కండువా చెంగుతో తుడిచాడు. తుడిచిన చోట ముందు మూతి కనబడింది, ఆ తర్వాతే కళ్ళు.

మూతి ఎడమ మూల పైకి లేచి ఉంది. కుడి పక్క మామూలుగా ఉంది. గడ్డం కింది నుంచి తల మీదికి గుడ్డ బిగించి కట్టారు. ముక్కుల్లో దూది పెట్టారు. తల నున్నగా దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగారు. ఇంత చేసినా ఆ ఎడమ మూల ఎవరి మాటా వినలేదు. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి, తనొక్కడికే తెలిసిన సంగతి ఏదో ఉన్నట్టు, మా అందరి మధ్యా అలా నవ్వుతూ ఉన్నారు.

"ఎంత మంచిగ పోయిండో సూడుండ్రి, నవ్వుకుంట పోయిండు" అంది పక్కింటావిడ. సార్ భార్యను మేం అమ్మా అని పిలుస్తాం. పెట్టెకు కాళ్ళ వైపున, గోడకు ఆనుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ తల వైపు చేరి చూస్తున్నారు. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు.

సార్ దగ్గర చదివినవాళ్ళం ఒక్కొక్కరమే వచ్చి పెట్టె చుట్టూ నిలబడ్డాం. బట్టతలలు వచ్చినవాళ్ళు కొందరు, పెళ్ళికెదిగిన పిల్లలున్నవాళ్ళు కొందరు. ఉన్నట్టుండి అమ్మ తలెత్తి మా అందరినీ చూసింది.

"నవ్వకుండ్రి" అంది.

మాలో ఎవరూ నవ్వడం లేదు. అలా అనుకునే శైలజ వైపు తిరిగాను. శైలజ మూతి ఎడమ మూల పైకి లేచి ఉంది. ఆమె పక్కనున్న సీనియర్‌ది కూడా అంతే. అతని పక్కవాడిదీ అంతే. నా చేయి దానంతటదే నా ముఖం మీదికి పోయింది. నా మూతి కూడా లేచే ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను. సందులో నిలబడి, మూతి దిగేదాకా అరచేత్తో రుద్దుకున్నాను.

ఇది మీకు అర్థం కావాలంటే సార్ పాఠం ఎలా చెప్పేవారో చెప్పాలి. పగలంతా కంటోన్మెంటులో ఒక చిన్న ప్రైవేటు బడిలో చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి మాకు చెప్పేవారు. "ముఖం రానిదే మాట రాదు" అనేవారు. ఆవులింతకు ఇంగ్లీషు మాట నేర్పేటప్పుడు వరండా అంతా ఆవులించాల్సిందే. అలిగి మూతి ముడుచుకోవడానికో మాట ఉంది. అది నేర్పిన రోజు గంటసేపు ఎవరితో ఎవరూ మాట్లాడకుండా కూర్చోబెట్టారు. అలిగి నిజంగానే ఇంటికి వెళ్ళిపోయిన పిల్ల మాత్రం నేనే. "గీ పిల్లకు మాట మంచిగ వచ్చింది" అని మా నాన్నతో చెప్పి నవ్వారట.

చాయ్ చల్లారి నీళ్ళయిపోయినా ఊదుకునే తాగేవారు. చొక్కా ఎప్పుడూ మడత నలగకుండా ఉండేది. మా నోటుపుస్తకాల్లో తప్పు కనబడితే కొట్టేయనిచ్చేవారు కాదు. "తప్పు సుత ఉండనీ, దాని పక్కకే ఒప్పు కూసోనీ" అనేవారు. దానివల్ల నా పుస్తకం మిగతా అందరికంటే లావుగా ఉండేది, నేనేమో అది చదువనుకుని మురిసిపోయేదాన్ని.

మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడమంటే ఆయనకు మహా ఇష్టం. పరీక్షకు పనికిరాదని పెద్దపిల్లలు గొణిగేవారు. తన గొప్ప చూసుకుని తానే మురిసిపోయే మనిషిని స్మగ్ అంటారని చెప్పి, అది మొదట్లో తిట్టే కాదన్నారు. "ఎన్కట దానికి నీట్‌గ, ముచ్చటగ తయారైనోడని అర్థం. తల దువ్వుకుని శుభ్రంగ ఉన్నోణ్ణి సూస్తే పక్కోళ్ళకు కుళ్ళు గద. సూసి సూసి ఆ మాటను తిట్టు చేసిండ్రు." అలా చెబుతూ తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకుంటే మేమంతా గొల్లున నవ్వాం.

ఆ మర్నాడే స్మర్క్ అనే మాట వచ్చింది. బోర్డు మీద రాసి, "తెలుగుల చెప్పుండ్రి" అన్నారు. ముసిముసి నవ్వు అని ఒకరు. కాదన్నారు, అందులో సిగ్గుంటుంది. వెకిలి నవ్వు అని ఒకరు. అది నోరంతా తెరిచి నవ్వేది. చిరునవ్వు అన్నాను నేను. "కండ్లు నవ్వుతున్నయా?" అని తన ముఖం నా ముందుకు తెచ్చారు. మూతి ఎడమ మూల మెల్లగా పైకి పోయింది. కళ్ళు మాత్రం కదల్లేదు. సార్ ముఖంలో ఇంకెవరో ఉన్నట్టు అనిపించి నేను వెనక్కి జరిగాను.

"తెలుగుల దీనికి మాట లేదు. వాక్యముంది" అన్నారు. "నేను ముందుగాలనే చెప్పలే? అని ఒక మనిషి నోరు తెరవకుండ అంటే, గదే స్మర్క్."

వెయ్యేళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళకు నవ్వంటే ఈ మాటేనట. తల్లి బిడ్డను చూసి నవ్వినా ఇదే, పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూసి నవ్వినా ఇదే. తర్వాత ఉత్తర దేశాల నుంచి స్మైల్ వచ్చింది. రావడం రావడమే మంచి నవ్వులన్నీ తన కింద వేసుకుంది. మిగిలిపోయిన నవ్వులు పాత మాటకు దక్కాయి. "మాట ఏం తప్పు చెయ్యలే పాపం. సూసేటోళ్ళే దాన్ని అనుమానపడ్డరు" అన్నారు సార్. తర్వాత అలవాటు ప్రకారం, "అందరు పెట్టుండ్రి ఆ ముఖం" అన్నారు.

పెట్టాం. పిల్లలందరం వరుసగా కూర్చుని ఎడమ మూతి పైకెత్తి, కళ్ళు కదల్చకుండా, గుమ్మం వైపు చూస్తూ ఉన్నాం. సరిగ్గా అప్పుడే అమ్మ మంచినీళ్ళ బిందె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమెను చూసి ఎవరమూ ముఖం మార్చలేదు. సార్ మార్చమంటేనే మార్చాలి. ఆమె మమ్మల్ని చూసింది, సార్‌ను చూసింది. బిందె అక్కడే దించి లోపలికి వెళ్ళిపోయింది. చాలా నవ్వొచ్చింది మాకు.

ఆ రోజు వరండాలో నేర్చుకున్న నవ్వే ఇన్నేళ్ళ తర్వాత పెట్టె చుట్టూ మా మూతుల మీదికి వచ్చిందనుకున్నాను. ఆ మాత్రం సర్దిచెప్పుకున్నా భయం పోలేదు. చాలా రోజులు అద్దం ముందు పళ్ళు తోముకోవడం మానేశాను.

దినవారాలు దగ్గర పడుతుండగా అమ్మ నన్ను పిలిపించింది. గోడకు పెట్టడానికి సార్ ఫోటో పెద్దది చేయించాలి. శైలజ ఫోన్లో, ఏదో పెళ్ళిలో పట్టుబట్టి నిలబెట్టి తీసిన ఫోటో ఒకటి దొరికింది. అందులోనూ అదే నవ్వు. అమ్మ ఆ ఫోన్ చేతిలోకైనా తీసుకోలేదు.

"మూతి సక్కగ చేపియ్ బిడ్డా. గిప్పుడు కంప్యూటర్ల చేస్తరట గద."

లాల్‌బజార్‌లో ఫోటోల అతను మొదట ఒప్పుకోలేదు. "నవ్వుతుంటే మంచిగనే ఉన్నడు గదక్కా, ఎందుకు ఖరాబ్ చేసుడు?" అన్నాడు. చెయ్యమన్నాను. ఎడమ మూలను లాగి కిందికి దించాడు. నా కళ్ళ ముందే మా సార్ పోయి, అదే తలకట్టూ అదే చొక్కా ఉన్న ఇంకో మనిషి వచ్చి కూర్చున్నాడు. వద్దందామనుకున్నాను. కానీ ఆమె అడిగింది అదే కదా అని ఫ్రేమ్ కట్టించి తెచ్చి ముందు గదిలో తగిలించాను.

అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. యాప్రాల్‌లో ఉన్న మా ఇంటి నుంచి సాయంత్రం నేను వెళ్ళేసరికి ముందు గదిలో, ఫోటోకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవరో పరాయాయన ఇంట్ల ఉన్నట్టుంది" అంది. "చీర మార్చుకుందామంటే సిగ్గైతుంది. ఇగ పొద్దు గూకినంక సూడు, ఆ మూతి మల్ల లేస్తది."

"ఫోటోల మూతి ఎట్ల లేస్తదమ్మా?"

"నాకేమెరుక? లేస్తది."

వెలుతురు తగ్గుతోంది. లైటు వేస్తానంటే వద్దంది. ఆమెకు ఇంకేదో చెప్పాలని ఉందని అర్థమై ఎదురుగా కూర్చున్నాను. అలా నా ముఖం ఫోటో వైపూ, ఆమె ముఖం నా వైపూ ఉన్నాయి.

"మీకు నేర్పిండు గద ఆ నవ్వు. దానికి ఇంగ్లీషుల ఏదో మాట ఉందట. ఏందది?"

స్మర్క్ అన్నాను.

"అంటే ఎక్కిరిచ్చుడేనా?"

నేను పాఠం అందుకున్నాను. అది మొదట్లో మంచి నవ్వేననీ, తల్లీబిడ్డల మధ్య కూడా ఆ మాటే ఉండేదనీ, వెయ్యేళ్ళ కింద అయితే దానికి ఉత్త నవ్వని తప్ప వేరే అర్థం లేదనీ చెప్పుకుంటూ పోయాను. సార్ గొంతుతోనే చెబుతున్నానని నాకే తెలుస్తోంది.

"వెయ్యేండ్ల కింది ముచ్చట నాకెందుకు బిడ్డా?" అంది. "ఈయన మొన్న పోయిండు."

నేను పాఠం ఆపేశాను. ఆమే మొదలుపెట్టింది.

"పెండ్లినాడు తెర తీసినప్పుడు మొదట సూసింది ఆ మూతే. నేను ఏడో తరగతిల బడి బంజేసిన. ఈయన ఇంగ్లీషు సారు. నన్ను సూసి ఎక్కిరిస్తుండు అనుకున్న. అప్పటి సంది ఏ కొట్లాటొచ్చినా గదే నవ్వు. ఒకదినం మీకందరికి సుత నేర్పి, నా దిక్కు సూపిచ్చి నవ్విపిచ్చిండు. ఆ రాత్రి నేను అన్నం తినలే."

"అయ్యో, అది మీ గురించి కాదమ్మా" అన్నాను. ఆమె విన్నట్టు లేదు.

"పోయిననాడు పొద్దుగాల ఛాతీల పట్టేసినట్టుంది, దవాఖానకు పోదమా అన్నడు. గ్యాస్ అన్న నేను. రాత్రి మిర్చి బజ్జీలు వద్దంటే తింటివి, నేను ముందుగాలనే చెప్పలే? అన్న. వాము నీళ్ళు కలిపిచ్చిన. అప్పుడు నవ్విండు గట్ల. ఏషాలు బంజెయ్ అని నేను వంటింట్లకు పోయిన. మల్లొచ్చి సూసేవరకు గట్లనే కూసోని ఉన్నడు, ఆ నవ్వుతోని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంత పెద్ద కొట్లాట గెల్చిపోయిండు సూడు. నేనిగ ఏమంటే ఏం లాభం? ఎవరికి చెప్పుకోవాలె?"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆమె భుజం మీదుగా నాకు ఫోటో కనబడుతోంది. గది బాగా మసకబడింది. ఆ నున్నటి, చక్కటి మూతి ఎడమ మూల సన్నగా పైకి జరిగింది. అది వెలుతురు పనో, నా కళ్ళ పనో, ఇప్పటికీ చెప్పలేను. నాకు ప్రాణం పోయినంత పనైంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది నా ముఖంలో ఏదో కదిలిందని. వేలు పెట్టి చూసుకున్నాను. నా మూతి ఎడమ మూల పైకి పోయి బిగుసుకుని ఉంది. నవ్వు అనేది నాలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా భయం.

అప్పుడే ఒకటి గుర్తొచ్చింది. పోయిన ఏడాది సార్‌ను రక్తపరీక్షకు నేనే తీసుకెళ్ళాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ల్యాబ్‌లో అమ్మాయి సూది బయటికి తీయగానే సార్ మూతి ఎడమ పక్కకు లేచింది. "ఏంది తాతా, నవ్వుతున్నరు?" అందా అమ్మాయి. ఆ అమ్మాయితో పాటు నేనూ నవ్వాను. కానీ సార్ చేయి నా మణికట్టును పట్టుకుని ఉంది. మంచుగడ్డలా చల్లగా ఉంది ఆ చేయి. బయటికొచ్చాక కూడా వదల్లేదు. పెద్దాయన కదా, ఆసరాకు పట్టుకున్నారనుకున్నాను.

ఈ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా? చెప్పకపోతే, సార్ ఎగతాళి చేస్తూనే పోయారని ఆమె బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. చెబితే, ఆ ఉదయం భయపడిన మనిషి చేతికి వాము నీళ్ళు ఇచ్చి వచ్చానని అనుకుంటుంది. రెండింట్లో ఏది తక్కువ బరువో నాకు తెలియలేదు. కానీ నా మూతి ఇంకా దిగలేదు, ఆమె దాన్నే చూస్తోంది.

"నువ్వు సుత నవ్వుతున్నవా?" అంది.

"లేదమ్మా. నాకు భయమైతుంది" అన్నాను. ఆమె చేయి తీసుకుని నా చెంప మీద పెట్టుకున్నాను. తర్వాత ల్యాబ్ సంగతి చెప్పాను. సూది, మూతి, మణికట్టు, అన్నీ.

ఆమె వేళ్ళు చాలాసేపు నా మూతి మూల మీదే ఉన్నాయి, గుడ్డివాళ్ళు తడిమినట్టు.

"ఇది భయమా?" అంది చివరికి. "పెండ్లినాడు సుత భయమేనా? నాకా? నాకు భయపడ్డడా ఆయన?"

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది, మళ్ళీ ఏడుపే. "చెప్పొచ్చు గద" అంటుంది, "ఇంత ఇంగ్లీషు వచ్చు, ఒక్క మాట చెప్పరాదా" అంటుంది. "అయితే ఆ పొద్దుగాల సుత..." అని ఆగిపోతుంది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాను. అంతకంటే నాకేమీ చేతకాలేదు. సార్ ఉంటే ఆయనకూ చేతనయ్యేది కాదేమో.

నేను బయల్దేరుతుంటే ఫోటో దించి నా చేతికిచ్చింది. "మల్ల ఎట్లుండెనో గట్లనే చేపియ్" అంది. ఫోటోల అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా పాత మూతి తెచ్చి పెట్టాడు.

తెచ్చి తగిలించిన రోజు ఆమె ఫోటోకు ఎదురుగా నిలబడి, తలెత్తి, తీరిగ్గా చూసింది. ఎడమ మూల దగ్గర అద్దం మీద బొటనవేలు పెట్టి, పసిపిల్లల మూతి తుడిచినట్టు ఒకసారి రాసింది. నన్ను చాయ్ తాగి పొమ్మంది. తాగేసరికి పొద్దుగూకింది. ఆమె లోపలి గదిలోకి వెళ్ళి నడుం వాల్చింది. చెప్పులు వేసుకుని, ముందు గదిలో ఎవరూ లేరు కదా అని, అలవాటుగా లైటు ఆర్పడానికి స్విచ్ మీద చేయి వేశాను.

"ఉండనీ బిడ్డా" అంది లోపలి నుంచి. "ఒక్కడే ఉంటడు. భయపడ్తడు."

చేయి వెనక్కి తీసుకున్నాను. గేటు వేసి, సందు మలుపు దాకా వచ్చి తిరిగి చూశాను. లోపలి గది చీకటి చేసుకుని ఆమె పడుకుంది. ముందు గదిలో లైటు వెలుగుతోంది.